అద్దెకిచ్చిన ఇల్లు పాడవకుండా: టూలెట్ బోర్డు పెట్టే ముందు నుంచి తాళాలు తిరిగి తీసుకునేదాకా

గోడకు కొట్టిన మేకులు, పిల్లలు గీసిన పెన్సిల్ గీతలు కంటికి ఇట్టే కనిపిస్తాయి. అందుకే ఖాళీ చేసిన ఇంట్లోకి అడుగుపెట్టగానే ఓనరు కోపం వాటి మీదకు పోతుంది. నిజానికి రిపేర్ల ఖర్చులో పెద్ద వాటా నీళ్లది. సింకు కింద ఉబ్బిన ప్లైవుడ్, అడుగు కుళ్లిన బాత్రూం తలుపు, కింది వాటా సీలింగ్‌కు పట్టిన చెమ్మ, పెచ్చులూడే గోడ, ఇవన్నీ ఎక్కడో ఒక చుక్క కారడంతో మొదలైనవే. ఆ కబురు వారంలో మీకు చేరితే వాషర్ మార్పిస్తే సరిపోతుంది. ఏడాది తర్వాత చేరితే టైల్స్ పగలగొట్టాల్సి వస్తుంది. కాబట్టి చేయాల్సిన పని రెండు రకాలు. ఇల్లు చుక్క కారనంత గట్టిగా ఉండాలి. కారినప్పుడు ఆ మాట మీదాకా ఆలస్యం లేకుండా రావాలి.

ఖాళీగా ఉన్నప్పుడే బాత్రూం చూసుకోండి

ఇల్లు ఖాళీగా ఉన్న పది పదిహేను రోజులు మళ్లీ దొరకవు. ఎవరైనా దిగాక బాత్రూం రెండు రోజులు వాడొద్దంటే కుదరదు. అందుకే మొదటి పని అక్కడే.

మన అపార్ట్‌మెంట్లలో చాలావరకు బాత్రూం శ్లాబును మిగతా ఇంటి కన్నా దించి పోస్తారు. ఆ గుంతలో పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ పరుస్తారు. టైల్స్ మధ్య సందుల్లో పూసిన వైట్ సిమెంట్ బాగున్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. అది పోతే స్నానం నీళ్లు సందుల్లోంచి దిగి ఇటుక ముక్కల్లో నిలుస్తాయి. ఒకసారి దిగిన నీళ్లు తొందరగా ఆరవు. పైన సరిచేశాక కూడా కింది వాటా సీలింగ్ వారాల తరబడి తడిగానే ఉంటుంది, రిపేరు పనిచేయలేదని అందరూ అనుకుంటారు.

ఆ సిమెంటును తినేసేది యాసిడ్. బోరు నీళ్ల తెల్లమరకలు పోతాయని నెలకోసారి సీసాడు యాసిడ్ పోసి చీపురుతో రుద్దడం మన ఇళ్లలో మామూలే. పోయగానే బుసబుసమని నురగ రావడం చూసి మురికి పోతోందనుకుంటారు. ఆ నురగలో సగం కరిగిపోతున్న సిమెంటే. మోకాళ్ల మీద కూర్చుని ఒక సందులో గుండుసూది మొన పెట్టి గీకి చూడండి. గట్టిగా ఉంటే గీత కూడా పడదు. పొడిపొడిగా రాలి సూది రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి దిగిందంటే ఆ నేల నీళ్లు తాగుతున్నట్టే.

అలాంటి నేలకు ఎపాక్సీ గ్రౌట్ (టైల్స్ సందుల్లో కూరే రెసిన్ పదార్థం) పెట్టించండి. అది మామూలు యాసిడ్ వాడకానికి అంత తొందరగా లొంగదు, నీళ్లు పీల్చదు. పని జరగాల్సిన వరుస ఇది:

1. రెండు రోజులు బాత్రూం పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద ఎపాక్సీ పట్టదు.
2. పాత సిమెంటును హాక్సా బ్లేడుతోనో గ్రౌట్ గీకే పనిముట్టుతోనో టైల్ మందంలో మూడింట రెండు వంతుల లోతు దాకా తీయించాలి. పైపైన గీకి దాని మీదే పూస్తే ఆరు నెలల్లో పొరలా లేచిపోతుంది. మేస్త్రీలు ఎక్కువగా తప్పించుకునే పని ఇదే కాబట్టి దగ్గర నిలబడండి.
3. దుమ్మంతా బ్రష్‌తో తీసి, డబ్బా మీద రాసిన పాళ్ల ప్రకారం కొంచెం కొంచెంగా కలపాలి. అరగంట దాటితే మిశ్రమం గట్టిపడటం మొదలవుతుంది.
4. సందుల్లో కూరి, టైల్ మీద మిగిలింది గట్టిపడకముందే తడి స్పాంజితో తుడవాలి. ఆరాక ఆ మరక పోదు.
5. గోడ, నేల కలిసే మూలల్లో మాత్రం గ్రౌట్ వద్దు, సిలికాన్ పెట్టించండి. అక్కడ కొద్దిపాటి కదలిక ఉంటుంది, గట్టి పదార్థం చీలుతుంది.
6. కనీసం 24 గంటలు నీళ్లు తగలనివ్వకండి.

1×1 అడుగు టైల్స్, 3 మిల్లీమీటర్ల సందులు ఉన్న 5×7 అడుగుల నేలకు కిలో నుంచి కిలోన్నర పడుతుంది.

ఇక నేల మీది నీళ్లు పోయే జాలీ. ఒక బకెట్ నీళ్లు గుమ్మరించి పది నిమిషాలు ఆగండి. ఎక్కడైనా మడుగు నిలిచిందంటే అక్కడ వాలు లేదు. తలుపు దగ్గర నిలిస్తే ద్వారబంధం అడుగు కుళ్లడం ఖాయం. చెక్క తలుపు ఉంటే కింది అడుగు ఎత్తు దాకా లోపలివైపు అల్యూమినియం రేకు కొట్టించండి, లేదంటే ఈసారి పీవీసీ తలుపే పెట్టించండి. వానాకాలంలో చెక్క తలుపు బిగుసుకుపోయిందని వెంటనే చిత్రిక పట్టించకండి. ఎండాకాలం వచ్చేసరికి ఆ తలుపు ఎండి, సందు మిగులుతుంది.

సింకు కింద, స్విచ్‌బోర్డు వెనక

వంటగది పరీక్ష సులువైనది. సింకు కింద అల్మరా ఖాళీ చేసి పొడి వార్తాపత్రిక పరవండి. సింకు తూము మూసి అంచుదాకా నింపి, ఒక్కసారిగా వదిలేయండి. మామూలుగా కొంచెం కొంచెం నీళ్లు పోయినప్పుడు కారని జాయింటు ఇలా బరువు పడినప్పుడు కారుతుంది. కాగితం మీద రూపాయి బిళ్లంత తడి కనిపించినా వదలకండి. సాధారణంగా తూము కింది కప్లింగ్ దగ్గర రబ్బరు వాషర్ ఎండిపోయి ఉంటుంది. సింకు, గ్రానైటు కలిసే చోట పాత సిలికాన్ నల్లబడితే బ్లేడుతో మొత్తం తీసి కొత్తది పెట్టాలి. పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు. బూజు పట్టని శానిటరీ రకం 280 మిల్లీలీటర్ల ట్యూబు ఒక్కటి సింకుకు, వాష్‌బేసిన్‌కు, కమోడ్ అడుగుకు కలిపి సరిపోతుంది. సింకు కింది అరకు మామూలు ప్లైవుడ్ బదులు పీవీసీ షీటు వేయిస్తే ఆ గొడవే ఉండదు.

ప్రతి కుళాయి కింద, కమోడ్ పక్కన ఉండే యాంగిల్ వాల్వులను ఒకసారి పూర్తిగా మూసి తెరవండి. ఏళ్ల తరబడి తిప్పనివి ఉప్పు పట్టి బిగుసుకుపోతాయి. అర్ధరాత్రి పైపు ఊడినప్పుడు అది తిరగకపోతే ఇల్లంతా నీళ్లే. బిగుసుకున్నవి ఇప్పుడే మార్పించండి.

కరెంటు విషయంలో ఓనర్లు ఎక్కువగా చేసే తప్పు వంటగదిలో 6 ఆంపియర్ల సాకెట్లు మాత్రమే ఉంచడం. ఇండక్షన్ పొయ్యి, గీజరు, మైక్రోవేవ్ లేని ఇల్లు ఇప్పుడు తక్కువ. 2000 వాట్ల పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని ఎక్స్‌టెన్షన్ వైరుతో 6 ఆంపియర్ల సాకెట్‌కు పెడితే బోర్డు కరిగి నల్లబడుతుంది. తప్పు వాడినవాళ్ల మీద వేసే ముందు, వాళ్లకు వేరే సాకెట్ ఉందా అని చూడండి. వంటగదిలో రెండు, ప్రతి బాత్రూంకు ఒకటి 16 ఆంపియర్ల సాకెట్ 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో వేయించండి. ఒకటిన్నర టన్నుల ఏసీకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల లైను, 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్) మంచిది.

ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని ఎవరో ఎలక్ట్రీషియన్ దాన్ని తీసి పెద్దది బిగించి పోతాడు. అప్పుడిక పడదు, వైరు కాలుతుంది. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. అందుకే డిస్ట్రిబ్యూషన్ బాక్సు మూత లోపల ప్రతి ఎంసీబీ ఎన్ని ఆంపియర్లదో, ఏ గదిదో రాసి అంటించండి, ఫోటో తీసుకోండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే పెట్టించండి. దాని మీద ఉన్న టెస్ట్ మీట నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే అది పనిచేయడం లేదని అర్థం.

మేకులు కొట్టే అవసరమే లేకుండా

కొత్తగా దిగినవాళ్లు మొదటి వారంలోనే డ్రిల్లింగ్ మెషీన్ తెస్తారు. కర్టెన్లకు, టీవీకి, బట్టల దండేనికి, తోరణానికి, దేవుడి పటాలకు. ఇవన్నీ ఏ ఇంట్లోనైనా అవసరమే. కాబట్టి ఆ పని మీరే ముందు చేయించండి. ప్రతి కిటికీకి కర్టెన్ రాడ్డు, బాల్కనీలో సీలింగ్ దండెం, గుమ్మానికి రెండువైపులా తోరణం హుక్కులు, హాల్లో టీవీ గోడకు ఒక ప్లైవుడ్ ప్యానెల్, బాత్రూంలో టవల్ రాడ్డు, సబ్బు అర. ఆ తర్వాత "డ్రిల్లింగ్ వద్దు" అన్న మాటకు విలువ ఉంటుంది.

బాత్రూం గోడల్లో డ్రిల్లింగ్ మాత్రం అసలు ఒప్పుకోకండి. కుళాయి, గీజరు, షవర్ ఉన్న చోటికి సూటిగా పైకి, కిందికి, అదే ఎత్తులో పక్కలకూ గోడలో పైపులు పోతుంటాయి. వాటికి రెండువైపులా అడుగు దూరం ప్రమాదమే. ఇల్లు కడుతున్నప్పుడో బాత్రూం మార్పిస్తున్నప్పుడో టైల్స్ వేయకముందు పైపుల ఫోటోలు తీసి పెట్టుకుంటే ఎంతో మేలు. ఆ ఫోటోలో ఒక టేపు సాగదీసి ఉంచితే కొలత కూడా దొరుకుతుంది.

పూజలూ అంతే. గృహప్రవేశానికి పాలు పొంగిస్తారు, గుమ్మం ముందు గుమ్మడికాయ, కొబ్బరికాయ కొడతారు. వద్దనడం సబబు కాదు. టైల్ మీద కొడితే పగులుతుంది కాబట్టి గుమ్మం పక్కన ఒక నల్లరాతి ముక్క ఉంచండి, చాలు. దీపం మసి సీలింగ్‌కు పట్టకుండా దేవుడి అర పైకప్పుకు ఒక టైల్ అంటించవచ్చు. గడపకు పెట్టే పసుపు పాలిష్ చేసిన టేకును పాడుచేయదు కానీ పక్కన సున్నం గోడకు తగిలితే పోదు, ఆ అడుగు మేర గోడకు ఎనామెల్ పెయింట్ వేయించండి.

రంగు, టైల్స్ మిగులు

అద్దె ఇంటికి చవక డిస్టెంపర్ చాలనుకుంటారు. దాన్ని తడిగుడ్డతో తుడిస్తే రంగే వస్తుంది, అందుకే ప్రతి ఖాళీకీ మొత్తం వేయించాల్సి వస్తుంది. కడగడానికి వీలైన ఎమల్షన్ వేయిస్తే మరకలు తుడిచేయొచ్చు, మరో అద్దె కాలం గడుస్తుంది. 10×12 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు అయితే నాలుగు గోడలు 440 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు తీసేస్తే 380. లీటరుకు రెండు కోట్లు కలిపి 60 నుంచి 70 చదరపు అడుగులు వస్తుంది కాబట్టి ఆరు లీటర్లు కావాలి. ఇల్లంతటికీ ఒకే రంగు ఎంచుకోండి. మిగిలిన లీటరు డబ్బా మూత మీద షేడ్ నంబరు, తేదీ రాసి సజ్జ మీద పెట్టండి. ప్రతి రకం టైల్ ఆరు నుంచి పది దాకా దాచి ఉంచండి. నాలుగేళ్ల తర్వాత అదే కంపెనీ అదే టైల్ కొన్నా రంగు కలవదు.

ఉన్నదున్నట్టు రాసుకోవడం

తాళాలు ఇచ్చే రోజు పగటి వెలుగులో, ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరగండి. తలుపు దగ్గర మొదలుపెట్టి ఎడమచేతి గోడ వెంబడే ప్రతి గదినీ ఒకే వరసలో వీడియో తీయండి. ఖాళీ చేసే రోజున అదే వరసలో మళ్లీ తీస్తే పోల్చుకోవడం తేలిక. వీడియోతో ఆపకుండా ఇవి విడిగా దగ్గరగా ఫోటోలు తీయాలి: సింకు కింద, కమోడ్ వెనక, బాత్రూం తలుపు అడుగు, గ్రానైటు అంచులు, కిటికీ అద్దాలు, ప్రతి ఫ్యాను, గీజరు సీరియల్ నంబరు, డిస్ట్రిబ్యూషన్ బాక్సు, కరెంటు మీటరు రీడింగు, తాళంచెవులన్నీ ఒకచోట పరచి. ముందే ఉన్న లోపాలను మీరే చూపించి ఫోటో తీయండి. హాల్లో మూడో టైల్ బీటలు వారిందని మీరే చెబితే, ఆ మనిషికి మీ మీద నమ్మకం కలుగుతుంది. రేపు తనవల్ల ఏదైనా పగిలినా దాచకుండా చెప్పే అవకాశం ఎక్కువ.

ఫోటోలన్నీ అదే రోజు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపి, "చూశాను, సరిగ్గా ఉన్నాయి" అన్న జవాబు తెప్పించుకోండి. వస్తువుల జాబితా రెండు ప్రతులు, ఇద్దరి సంతకాలతో, అగ్రిమెంట్‌కు జతచేయండి.

అగ్రిమెంట్‌లో ఏముండాలి

ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ చేయించాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది, అందుకే మన దగ్గర 11 నెలల కాగితం అలవాటైంది. అందులో అద్దె, అడ్వాన్స్ తప్ప ఇంటి సంగతి ఒక్క ముక్క కూడా ఉండదు చాలాసార్లు. 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, అద్దెకున్నవారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకు మాత్రం వాళ్ల బాధ్యత లేదు. సమంజసమైన వేళల్లో వచ్చి ఇంటి స్థితి చూసే హక్కు కూడా ఓనరుకు అక్కడే ఉంది.

ఎవరి రిపేరు ఎవరిదన్న దానికి 2021 మోడల్ టెనన్సీ యాక్ట్ రెండో షెడ్యూల్ మంచి నమూనా. గోడలు, శ్లాబు వంటి నిర్మాణ రిపేర్లు, సున్నాలు, తలుపులు కిటికీల రంగు, పైపుల మార్పిడి, వైరింగ్ ఓనరు వంతు. కుళాయి వాషర్లు, తూముల శుభ్రం, స్విచ్‌లు సాకెట్లు, గీజరు రిపేరు, దోమతెరలు, కిటికీ అద్దాలు, తాళాలు అద్దెకున్నవారి వంతు. నివాసానికిచ్చే ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించకూడదని, లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని కూడా అందులో ఉంది. ఇది నమూనా చట్టమే కాబట్టి మీ రాష్ట్రంలో అమల్లో ఉన్న నియమాన్ని లాయరుతో సరిచూసుకుని, ఆ మాటలను మీ కాగితంలో విడిగా రాయించండి.

ఈ ఐదూ తప్పక రాయించండి: నీళ్లు కారడం, చెమ్మ, చెదలు, కాలిన వాసన కనిపించిన 48 గంటల్లో ఓనరుకు రాతపూర్వకంగా చెప్పాలి, బాత్రూంలో, వంటగది గ్రానైటు మీద యాసిడ్ వాడకూడదు, ఎంసీబీలు మార్చకూడదు, ఏసీ, చిమ్నీ, టీవీ బిగించేటప్పుడు ముందు అడగాలి, ఏడాదికి రెండుసార్లు ముందుగా చెప్పి ఇల్లు చూస్తారు.

వాటి పక్కన ఆరో మాట మీ వైపు నుంచి రాయండి. వెంటనే చెప్పిన లీకేజీకి, అది వాళ్ల వాడకం వల్ల వచ్చినా, ఒక్క రూపాయి అడ్వాన్స్‌లోంచి కోయరని. షెడ్యూల్ ప్రకారం వాషర్ వాళ్ల ఖర్చే కావొచ్చు. ఆ వంద రూపాయలు మీరు భరించండి. డబ్బులు అడుగుతారన్న భయంతోనే చాలామంది కారే కుళాయి కింద బకెట్ పెట్టి నెలలు నెట్టుకొస్తారు. ఇక్కడ చెప్పిన మొత్తంలో ఒక్క వాక్యమే మీ ఇంటికి వాడుకోవాలంటే ఇదే వాడుకోండి.

తాళాలిచ్చే రోజు పదిహేను నిమిషాలు

మెయిన్ వాల్వు ఎక్కడుందో చూపించి, వాళ్ల చేతనే ఒకసారి తిప్పించండి. మెయిన్ స్విచ్, ఆర్‌సీసీబీ మీట చూపించండి. వాషింగ్ మెషీన్ కుళాయి వాడకం అయ్యాక మూసేయమనండి, ఆ గొట్టం ఊడితే ఊరెళ్లినప్పుడు ఇల్లు మునుగుతుంది. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వాచ్‌మన్ నంబర్లు ఒక కాగితం మీద రాసి వంటగది తలుపు వెనక అంటించండి. యాసిడ్ బదులు ఏం వాడాలో కూడా చెప్పాలి. రోజూ స్నానమయ్యాక రబ్బరు వైపర్‌తో నీళ్లు నెట్టేస్తే తెల్లమరకలు సగం పట్టవు. పట్టినవాటికి లీటరు నీళ్లలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, టైల్ మీద మాత్రమే రాసి, పది నిమిషాలకు బాగా కడిగేయాలి. మార్బుల్ మీద అదీ వద్దు. ఇప్పటికే యాసిడ్ అలవాటున్నవాళ్లకు గట్టిగా చెప్పాల్సింది, దాన్ని బ్లీచింగ్ పౌడరుతో ఎప్పుడూ కలపొద్దని. క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బాత్రూంలో ప్రాణాపాయం.

బీరువా, ఫ్రిజ్ దించేటప్పుడు టైల్స్ మీద ఈడ్చకుండా గోనెసంచి వేయమనండి. ఇనుప కాళ్ల కింద రబ్బరు బుష్‌లు ఉంటే తుప్పు మరక పట్టదు. బీరువాకు, బయటి గోడకు మధ్య జానెడు సందు వదలాలి. లేకపోతే వానాకాలంలో వెనక గోడకు బూజు పడుతుంది, బీరువా జరిపేదాకా ఎవరికీ తెలియదు.

ఉంటున్నప్పుడు: ఎప్పుడు చూడాలి, ఏం చూడాలి

మొదటి నెల దాటాక ఒకసారి ఫోన్ చేసి ఏమైనా ఇబ్బంది ఉందా అని అడగండి. మొదటి ఫిర్యాదుకు ఎంత త్వరగా స్పందిస్తారో చూసి, రెండోది చెప్పాలో వద్దో వాళ్లు తేల్చుకుంటారు. రిపేరు రెండు రోజుల్లో చేయించలేకపోతే కనీసం ఎప్పుడు చేయిస్తారో అదే రోజు చెప్పండి.

తర్వాత ఏడాదికి రెండు చూపులు. మే చివర, వానలకు ముందు ఒకటి. అక్టోబరులో ఇంకొకటి. కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వానలు అయ్యాక డిసెంబరులో చూస్తే మేలు. ముందురోజే చెప్పి, వాళ్లకు వీలైన వేళ వెళ్లండి. గదుల సర్దుడు మీద వ్యాఖ్యలు చేయొద్దు, అది మీరు చూడవలసింది కాదు.

మేలో డాబా ముందు. వాన నీటి గొట్టాల నోళ్ల దగ్గర ఆకులు, పావురాల రెట్ట, ప్లాస్టిక్ కవర్లు తీయించాలి. పిట్టగోడ, శ్లాబు కలిసే మూలలో బీటలుంటే వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. పరీక్షించాలంటే గొట్టాలకు గుడ్డలు కుక్కి రెండంగుళాల నీళ్లు 24 గంటలు నిలపండి, కింద సీలింగ్ చూడండి. ట్యాంకు ఫ్లోట్ వాల్వు పనిచేయకపోతే రోజూ పొంగి గోడ వెంబడి కారుతుంది, ఆ గోడ లోపలివైపు ఉప్పు పొంగుతుంది. ఆ గోడకు ఎన్ని కోట్ల రంగు వేసినా నిలవదు.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో కిటికీ గ్రిల్స్‌కు రెండేళ్లకోసారైనా తుప్పు గీకి, ప్రైమర్ వేసి, రెండు కోట్ల ఎనామెల్ కొట్టించాలి. తుప్పు మీద నేరుగా రంగు వేస్తే ఏడాదిలో పొలుసులా ఊడుతుంది. బోరు నీళ్ల ఊళ్లలో గీజరును ఏడాదికోసారి తెరిపించి హీటింగ్ ఎలిమెంట్‌కు పట్టిన సున్నపు పొర తీయించి, మెగ్నీషియం కడ్డీ ఎంత మిగిలిందో చూడాలి. ఆ కడ్డీ తనను తాను కరిగించుకుంటూ ట్యాంకుకు తుప్పు పట్టకుండా ఆపుతుంది. అది అయిపోతే ట్యాంకు తూట్లు పడుతుంది.

చెదలకు ద్వారబంధాల అడుగు, సజ్జ మూలలు, అల్మరా వెనక చూడండి. గోడ మీద పెన్సిల్ మందాన మట్టి గీత పాకుతుంటే చెదలే. చీపురుతో దులిపేస్తే అది ఇంకో దారి వెతుక్కుంటుంది. గోడ, నేల కలిసే చోట సుమారు అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి మందు ఎక్కించే పద్ధతి చేయించి, రాతపూర్వక వారంటీ తీసుకోండి.

చెమ్మ ఎక్కణ్నుంచి వస్తోందో తేల్చడం

కింది వాటావాళ్లు సీలింగ్ తడుస్తోందని చెబితే వెంటనే టైల్స్ పగలగొట్టించకండి. మూడు పరీక్షలతో దాదాపు తేలిపోతుంది. ముందు పై ఇంటి మెయిన్ వాల్వు రాత్రంతా మూయించి, ఏ నీళ్లూ వాడకుండా ఉంచండి. తెల్లారేసరికి కారడం తగ్గితే ఒత్తిడితో నీళ్లుండే సరఫరా పైపు అనుమానం. అది ఏ మార్పూ లేకుండా, స్నానాలయ్యాకే ఎక్కువైతే లోపం నేల టైల్స్ సందుల్లోనో, జాలీ కింది నహానీ ట్రాప్ (మురుగు వాసన రాకుండా నీళ్లు నిలిపే గిన్నె) జాయింటులోనో ఉన్నట్టు. అప్పుడు నీలిమందు కలిపిన నీళ్లు ముందు జాలీలోనే నేరుగా పోయండి. రెండు మూడు రోజులు ఆగి కింద నీలం కనిపించకపోతే, జాలీ మూసి నేల మీద అంగుళం లోతున అవే నీలం నీళ్లు నిలపండి. ఏ దశలో నీలం దిగితే లోపం అక్కడ ఉంది. ఇటుక ముక్కల్లోంచి రావడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు కాబట్టి తొందరపడొద్దు. కమోడ్‌లో ఆగకుండా సన్నగా నీళ్లు జారుతుంటే ఫ్లష్ ట్యాంకులో రెండు చుక్కల నీలిమందు వేసి అరగంట వాడకండి. గిన్నెలోకి నీలం వస్తే అడుగు వాషర్ పోయినట్టే.

ఖాళీ చేసేటప్పుడు

సామాను సర్దకముందు, పది రోజుల ముందే ఒకసారి కలిసి తిరగండి. ఏవి సరిచేయాలో చెబితే వాళ్లే తక్కువ ఖర్చుతో చేయించుకుంటారు. సామాను దించాక రెండోసారి, పాత వీడియో చేతిలో పెట్టుకుని.

మేకుల చిల్లులు, వెలిసిన రంగు, అరిగిన కుళాయి మామూలు వాడకం. కాలిన గ్రానైటు, పగిలిన వాష్‌బేసిన్, అడగకుండా వేసిన పెద్ద తూట్లు నష్టం. నష్టానికి కూడా కొత్త వస్తువు ధర మొత్తం అడగడం అన్యాయం. వస్తువు ఎన్నేళ్లు నిలుస్తుందో, ఇప్పటికి ఎన్నేళ్లయిందో చూసి మిగిలిన వంతే తీసుకోవాలి. ఉదాహరణకు రంగుకు 24,000 రూపాయలు అయిందనుకుందాం, నాలుగేళ్లు నిలుస్తుందని లెక్క. వాళ్లు మూడేళ్లున్నాక గోడలు నిజంగా పాడుచేస్తే అడగాల్సింది 6,000. నాలుగేళ్లు ఉంటే ఏమీ లేదు, రంగు ఎలాగూ వేయించాల్సిందే. హైదరాబాద్‌లో పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసేయడం అలవాటైపోయింది. అలా చేయదలిస్తే మొదటిరోజే కాగితంలో రాయండి, చివర్లో చెప్పడం గొడవకు దారి. కోసిన ప్రతి మొత్తానికీ బిల్లు, ఫోటో జతచేసి మిగిలింది ఆలస్యం లేకుండా తిరిగివ్వండి.

రెండు అద్దెల మధ్య, తాళం వేసి ఉన్నప్పుడు

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి కూకట్‌పల్లిలో, విజయవాడలో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మూడు నెలలు మూసిన ఇల్లు మనుషులున్న ఇంటి కన్నా త్వరగా పాడవుతుంది. జాలీల కింద ట్రాపుల్లో నీళ్లు ఎండిపోయి, వాటి గుండా మురుగు వాసన, బొద్దింకలు వస్తాయి. మెయిన్ వాల్వు మూసే ముందు ప్రతి జాలీలో ఒక మగ్గు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేయండి. నూనె పొర నీళ్లు ఆవిరవకుండా ఆపుతుంది. గీజరు ఎంసీబీ దించేయండి. బాల్కనీకి, షాఫ్ట్‌కు పావురాల వల కట్టించండి. బంధువులనో వాచ్‌మన్‌నో పదిహేను రోజులకోసారి కిటికీలు రెండు గంటలు తెరిచి, కమోడ్ ఫ్లష్ చేసి, సింకు కింద, బాత్రూం తలుపు అడుగు, సీలింగ్ మూలలు వీడియో కాల్‌లో చూపించమని అడగండి. వచ్చినందుకు ప్రతిసారీ ఇంత అని ఇవ్వండి, ఊరికే చేయమంటే మూడోసారి మానేస్తారు. వీడియోలో మొదట చూపించమనాల్సింది సింకు కింద పరచిన వార్తాపత్రికను.